బొమ్మ ట్యాంకుకి బురద పూయడం ఎలా: దమ్ము ట్రాక్టర్ దగ్గర నేర్చుకున్న పని

మొన్న సార్వా నాట్లప్పుడు మా ఊరి చేలగట్టు మీద నిలబడి, దమ్ము చేసి రోడ్డెక్కుతున్న ట్రాక్టర్ వెనక చక్రాలకి ఫొటోలు తీస్తుంటే డ్రైవర్ ఇంజను ఆపేసి, "ఏవండీ, ఫైనాన్స్ వాళ్లా మీరు?" అన్నాడు. వాయిదాలు ఏవో తప్పినట్టున్నాయి, మొహంలో నెత్తుటి చుక్క లేదు. "కాదండీ, బురద కోసం తీసుకుంటున్నా" అంటే ఇంకా కంగారు పడ్డాడు. జేబులోంచి ఫోన్ తీసి నేను చేసిన బొమ్మ ట్యాంకు ఫొటో చూపించాక గానీ నమ్మలేదు. చూసి, కాసేపు ఆలోచించి, "బానే ఉంది గానండీ, బురద అలా ఉండదు" అన్నాడు.

ఆ మాట నిజం. నాలుగేళ్లుగా ఈ ప్లాస్టిక్ యుద్ధట్యాంకుల బొమ్మలు అతికించే పిచ్చిలో ఉన్నాను, విదేశాల వాళ్ల వీడియోలు చూసి చాలావరకు వాళ్ల సీసాల్లో బురద కొనుక్కుని పూసుకుంటున్నాను, ఇంటి గుమ్మం దాటితే మోకాలి లోతు బురద ఉన్న కోనసీమలో కూర్చుని. కాబట్టి ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నదే అయినా, అతికించడం, రంగు వేయడం గబగబా చెప్పేసి బురద దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాను. మొదటి రెండూ ఎక్కడైనా నేర్చుకోవచ్చు.

ముందు ఏ బండి కొనాలి అనేది. మిలిటరీ బండ్లకి ఎక్కువమంది వాడే స్కేలు 1/35, అంటే అసలు బండిలో ముప్ఫై అయిదో వంతు. ఈ వింత అంకె ఎక్కడిదంటే, 1960ల మొదట్లో జపాన్‌లో టామియా అనే బొమ్మల కంపెనీ వాళ్లు పాంథర్ ట్యాంకు బొమ్మ చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకున్నారు, అది 1/35 అయి కూర్చుంది, మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. 1/72 కూడా దొరుకుతుంది, చవక, చోటు తక్కువ పడుతుంది, కానీ మొదటిసారికి భాగాలు మరీ బియ్యపు గింజల్లా ఉంటాయి, కింద పడితే దొరకవు.

మొదటి కిట్ (విడి భాగాలుగా వచ్చే బొమ్మ పెట్టె) అనగానే అందరూ జర్మన్ టైగర్ ట్యాంకు మీద పడతారు. నన్నడిగితే మనవాళ్లు వాడిన బండ్లు చూడండి. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన సారథ్ ఉంది, అది సైనికుల్ని మోసే రష్యా కవచ బండి బీఎంపీ-2కి మన పేరు, ఆ బీఎంపీ-2 కిట్ 1/35లో దొరుకుతుంది. నాకు మాత్రం ఇష్టమైనది పీటీ-76. సుమారు 14 టన్నుల తేలిక ట్యాంకు, కవచం పల్చన, కానీ నీళ్లలో ఈదుతుంది, వెనక నీటిని చిమ్మే జెట్లు రెండు ఉంటాయి. 1971 నవంబరులో, అసలు యుద్ధం ప్రకటించక ముందే, ఇప్పటి బంగ్లాదేశ్‌లో జెస్సోర్ వైపు గరీబ్‌పూర్ దగ్గర మన 45 కావల్రీ దళం పీటీ-76లు పొగమంచులో పాకిస్తాన్ చాఫీ ట్యాంకులతో తలపడి వాటిని దెబ్బతీశాయి. ఆ నేల గంగ డెల్టా. చెరువులు, వరి చేలు, కాలవలు. మన లంకల్లో తిరిగినవాడికి ఆ నేల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ పీటీ-76కి ట్రంపెటర్ కంపెనీ వాళ్ల 1/35 కిట్ ఉంది. ఫిరంగితో కలిపి అసలు బండి ఏడున్నర మీటర్ల పైచిలుకు, బొమ్మ ఇరవై రెండు సెంటీమీటర్ల దాకా వస్తుంది, టీవీ పక్కన పడుతుంది.

సామాను సంగతి. భాగాలు ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి, దాన్ని స్ప్రూ అంటారు. విరవకండి, నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయరు) కత్తిరించండి. నిప్పర్ లేకపోతే మంచి గోళ్ల కత్తెర కొన్నాళ్లు నడుస్తుంది. భాగానికి ఆనించి కాకుండా కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమని బ్లేడుతో చెక్కి, ఎమరీ కాగితంతో రుద్దాలి. 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000 దాకా, నీళ్లలో తడిపి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అంటే ఇస్తారు. కత్తిరించే ముందు చట్రాలని గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి, అచ్చు నుంచి ఊడి రావడానికి రాసిన జిడ్డు కొన్నిటికి ఉండిపోతుంది, దాని మీద రంగు నిలవదు.

జిగురు దగ్గర ఫెవిక్విక్ జోలికి వెళ్లకండి, మెటల్ ముక్కలుంటే తప్ప. ఈ ప్లాస్టిక్‌కి పల్చటి సిమెంట్ అని వేరే ఉంటుంది, అది జిగురు కాదు నిజానికి, రెండు అంచులనీ కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది. రెండు ముక్కలు కలిపి పట్టుకుని, సందు మీద కుంచె ఆనిస్తే చాలు, దానంతట అదే లోపలికి పాకిపోతుంది. వేలు ఆ సందు మీద ఉంటే మీ వేలిముద్ర కూడా ట్యాంకు మీద శాశ్వతం.

పీటీ-76కి పక్కకి ఆరు చక్రాలు, పైన గొలుసుని (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) మోసే చిన్న చక్రాలు ఉండవు, గొలుసు నేరుగా పెద్ద చక్రాల నెత్తి మీదే వాలి ఉంటుంది. కొత్తవాళ్లు గొలుసుని వీణ తీగలా బిగించేస్తారు. అసలు బండి గొలుసు బరువుకి వాలుతుంది, చక్రానికీ చక్రానికీ మధ్య కొంచెం కుంగుతుంది. చక్రాలనీ గొలుసునీ అప్పుడే బండికి అతికించేయకండి, విడిగా రంగు వేసుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇక రంగు. ఇక్కడ మన వాతావరణంతో గొడవ మొదలవుతుంది. స్ప్రే రంగులోని ద్రావకం వేగంగా ఆరిపోతూ ఆ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆ చల్లదనానికి రంగు మీదే చెమ్మగా దిగిపోతుంది, తెల్లటి పొర కడుతుంది. నాకిది మొదటి ఏడాది జూలైలో, ముసురు పట్టిన సాయంత్రం, చివరి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టినప్పుడు తెలిసింది. రెండు నెలల పని, పొద్దున లేచి చూస్తే ట్యాంకు విభూతి పూసుకుని కూర్చుంది. ఎండ కాసిన రోజు మళ్లీ పల్చగా థిన్నర్ కలిపి కొడితే చాలావరకు పోయింది గానీ ఆ రాత్రి టెన్షన్ నాకు తెలుసు. అందుకని స్ప్రే పనులన్నీ సంక్రాంతి వెళ్లాక మార్చి లోపు పెట్టుకుంటాను, అదీ పొద్దుటి మంచు విడిచాక, పదకొండు నుంచి మూడు మధ్య. వానాకాలంలో కత్తిరించడం, అతికించడం, బురద ఫొటోలు. ఎయిర్ బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) ఉన్నవాళ్లు కంప్రెసర్ గొట్టానికి నీటిని పట్టే ఫిల్టర్ తప్పకుండా పెట్టుకోండి, లేకపోతే మధ్యలో తుపుక్కున నీటి చుక్క ఉమ్ముతుంది. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి, రంగు పాలంత పల్చన. ఎయిర్ బ్రష్ లేకపోయినా బెంగ పెట్టుకోకండి, కుంచెతో నాలుగు పల్చటి పొరలు వేస్తే అదే వస్తుంది, ఓపిక ఉండాలంతే. ఒకే పొరతో కప్పేద్దాం అనుకుంటే మాత్రం గోడకి సున్నం వేసినట్టుంటుంది.

పెయింట్ల షాపులో దొరికే మామూలు థిన్నర్‌ని కుంచెకి ముంచి ఉత్త ప్లాస్టిక్ మీద పెట్టొద్దు. ఎంత ఘాటో చూడాలంటే టీ తాగే డిస్పోజబుల్ కప్పులో కొంచెం పోయండి. నేను పోశాను. కప్పు అడుగు కరిగి బల్ల మీదకి, బల్ల మీద నుంచి మా చెల్లి పుస్తకం మీదకి వెళ్లింది. స్ప్రే కొట్టేటప్పుడు మూతికి సరైన మాస్కు, కిటికీలు బార్లా.

ముందు ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే తొలి పొర, మామూలుగా బూడిదరంగు. దాని మీద ముదురు ఆలివ్ గ్రీన్. డబ్బాలో ఉన్న పచ్చని ఉన్నదున్నట్టు వేస్తే బొమ్మ మరీ నల్లగా కనిపిస్తుంది, చిన్న వస్తువు మీద రంగు ముదురుగానే తోస్తుంది, అందుకని కాస్త లేత పసుపో బూడిదో కలపండి. పైన ఎండ తగిలే పలకలు ఇంకాస్త లేతగా, కింది భాగాలు ముదురుగా. నంబర్లు, గుర్తులు నీళ్లలో నానబెట్టి జార్చే డికాల్స్‌గా వస్తాయి. వాటిని గరుకు రంగు మీద అతికిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తాయి, కాబట్టి ఆ చోట ముందు నిగనిగలాడే వార్నిష్ ఒక పొర వేసి అప్పుడు అతికించండి.

తర్వాత వాష్, అంటే సందుల్లోకి పారే పల్చటి రంగు. ఆర్టిస్టులు వాడే కేమెల్ ఆయిల్ కలర్ బర్న్ట్ అంబర్ గొట్టం ఒకటి తెచ్చుకుంటే ఏళ్లు వస్తుంది. పెసరగింజంత రంగుకి టర్పెంటైన్ కలిపి టీ డికాషన్‌లా చేసి, సన్నటి కుంచెతో రివెట్ల మొదట్లో, సందుల్లో తాకిస్తే అదే పారుతుంది. బయటికి వచ్చినదాన్ని అరగంటాగి టర్పెంటైన్ అద్దిన కుంచెతో తుడిచేయండి. కింద వార్నిష్ పొర ఉంటేనే ఈ పని, ఉత్త ప్లాస్టిక్ మీద టర్పెంటైన్ నిలిస్తే చిన్న భాగాలు పెళుసెక్కి విరుగుతాయి. మన తేమకి ఆయిల్ రంగు త్వరగా ఆరదు, రెండు మూడు రోజులు ఆగాలి.

తుప్పు గురించి ఒక్క మాట. కొత్తవాళ్లు తుప్పంటే నారింజ రంగు అనుకుని బండంతా పులిమేస్తారు. సైన్యంలో రోజూ తుడిచే బండి అలా తుప్పు పట్టదు. గొలుసు మాత్రం పడుతుంది, అదీ ఆగి ఉన్నప్పుడు. అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలిన ఇనుప గేటు చూడండి, పాత తుప్పు దాదాపు నల్లటి గోధుమరంగు, నిన్న మొన్నటిదే నారింజ. గొలుసుకి ముదురు గోధుమరంగు వేసి, నేలని రాసుకునే అంచుల మీద 6బీ పెన్సిల్ రుద్దండి, ఉక్కు మెరుపు అచ్చంగా వస్తుంది.

ఇప్పుడు బురద.

ఒక లెక్క ముందు బుర్రలో పెట్టుకోవాలి. 1/35లో ఒక మిల్లీమీటరు అంటే నిజంలో మూడున్నర సెంటీమీటర్లు. మీరు పెరట్లోంచి తెచ్చిన మట్టిలో అయిదు మిల్లీమీటర్ల రాయి ఉందనుకోండి, బొమ్మ ట్యాంకులోని సైనికుడికి అది జానెడు బండరాయి. నిజమైన మట్టి పోస్తే నిజంలా ఉంటుందనుకోవడం అక్కడే బెడిసికొడుతుంది. నా మొదటి ట్యాంకు చేలో తిరిగినట్టు కాదు, క్వారీలో కొండ విరిగి మీద పడినట్టు ఉండేది. ఆ డ్రైవర్ చూసి పెదవి విరిచింది దాన్నే.

అందుకని ముందు చూడటం నేర్చుకోండి. దమ్ము నుంచి వచ్చిన ట్రాక్టర్‌ని మూడుసార్లు ఫొటో తియ్యండి, గట్టెక్కినప్పుడు, గంట తర్వాత, మర్నాడు. చేలోంచి అప్పుడే వచ్చినప్పుడు బురద నల్లగా, తడి మెరుపుతో, కింద కారుతూ ఉంటుంది. గంటకి అంచులు లేతబడతాయి, మధ్యలో తడి అలాగే ఉంటుంది, అంటే ఒకే ముద్దలో రెండు రంగులు. మర్నాటికి బూడిద కలిసిన మట్టిరంగు వచ్చి, బీటలిచ్చి, తగిలిన చోటల్లా పెచ్చులు ఊడి ఉంటుంది, ఊడిన చోట కింద పల్చటి మరక మిగులుతుంది. మళ్లీ అదే బండి రెండోరోజు చేలోకి దిగితే పాత లేత బురద మీద కొత్త నల్ల బురద. బొమ్మల మీద అందరూ ఒకే రంగు బురద ఒకేసారి పూస్తారు, నిజం బండి మీద కనీసం రెండు రోజుల బురద ఉంటుంది.

ఇంకా చూడండి. మట్టి చక్రం లోపలి గుంటల్లో పేరుకుంటుంది, అంచున ఉండదు, తిరిగేటప్పుడు విసిరేస్తుంది. చిమ్మిన చుక్కలన్నీ ఒకే దిక్కుకి, వెనక్కి, పైకి వెళ్లేకొద్దీ చిన్నవై పల్చబడతాయి. మడ్‌గార్డు కింద అంగుళం మందం, పైన ఒట్టి దుమ్ము. డ్రైవర్ కాలు పెట్టి ఎక్కే చోట మడమ ఆకారంలో మట్టి, చెయ్యి వేసే చోట మాత్రం ఇనుము అరిగి నున్నగా మెరుస్తుంది. ట్యాంకుకీ ఇంతే, సైనికులు ఎక్కే దారి ఒకటే ఉంటుంది, అక్కడ బూటు మట్టి వేసి, హాచ్ (లోపలికి దిగే మూత) అంచు అరగదీయండి. ముద్దలో గడ్డి పరకలు, వరి మొదళ్లు ఇరుక్కుని ఉంటాయి, ఇది మర్చిపోవద్దు.

కలిపే పద్ధతి. ఒండ్రు మట్టి గుప్పెడు తెచ్చి, ఎండబెట్టి, దంచి, ముందు టీ వడపోతలో, తర్వాత పాత వాయిల్ చీర గుడ్డలో జల్లించండి. గుడ్డలోంచి దిగిన పొడి పౌడరులా ఉండాలి. దాన్ని పాత బాణలిలో సన్నసెగ మీద అరగంట వేయించాలి. ఇది తప్పించుకోకండి. వేయించకుండా వాడిన నా రెండో ట్యాంకుకి ఆగస్టులో తెల్లటి బూజు మొలిచింది, మంచుదేశంలో యుద్ధం చేస్తున్నట్టు. బాణలి మాత్రం వంటకి వాడేది కాకుండా చూసుకోండి, ఇంట్లో శాంతి ముఖ్యం.

ఈ పొడి రెండు చెంచాలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అర చెంచా, ఫెవికాల్‌లో సమంగా నీళ్లు కలిపినది ముద్ద అయ్యేంత, గిన్నెల సబ్బు ఒక్క చుక్క, అది లేకపోతే జిగురు నీళ్లు పాకవు. ప్లాస్టర్ ఎక్కువైతే సిమెంటులా గట్టిపడి నున్నగా ఉంటుంది, మరీ లేకపోతే పెద్ద పెద్ద బీటలిస్తుంది. గోధుమరంగు యాక్రిలిక్ కొంచెం కలపండి, ఎందుకంటే ప్లాస్టర్ వల్ల ఆరాక బాగా లేతబడుతుంది, కావాలనుకున్న రంగు కన్నా రెండు మెట్లు ముదురుగా ఉండాలి. ముందు సీసా మూత మీద పూసి, ఆరనిచ్చి చూసుకోండి. కొబ్బరి పీచుని ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి చిటికెడు కలిపితే అవే గడ్డి పరకలు. రెండు మిల్లీమీటర్లంటే నిజంలో ఏడు సెంటీమీటర్లు, అంతకన్నా పొడుగైతే తాళ్లలా కనిపిస్తాయి.

పూయడం రెండు విడతలు. మొదటి విడత లేత రంగు, అంటే నిన్నటి బురద. పాత కుంచెతో గొలుసు లోపల, చక్రాల గుంటల్లో, కింది పలకల మీద పొడిచి పొడిచి పెట్టండి, పుయ్యకండి. సగం ఆరాక అక్కడక్కడ ఈనుపుల్లతో పొడిచి పెచ్చులు లేపండి. కుంచెకి పల్చటి ముద్ద అద్ది ఈనుపుల్ల మీద రాస్తే చుక్కలు చిమ్ముతాయి, ఎక్కడ పడకూడదో అక్కడ కాగితం అడ్డం పెట్టి, వెనక్కి వెళ్లే దిక్కులోనే చిమ్మండి. ఒక రోజంతా వదిలేయండి. రెండో విడత అదే ముద్దలో ముదురు గోధుమరంగు, కాస్త నలుపు కలిపి, మొదటిదాన్లో మూడో వంతు చోట మాత్రమే, ముఖ్యంగా గొలుసు, కింది అంచులు. దీని మీద, అంతా అయ్యాక, నిగనిగలాడే వార్నిష్ అక్కడక్కడ తాకిస్తే తడి బురద. అంతటా తాకిస్తే బెల్లం పాకం.

పైభాగాలకి బురద వద్దు, దుమ్ము చాలు. రంగు సుద్దల్లో, మెత్తని పేస్టల్ రకం, మట్టిరంగుది బ్లేడుతో గీకి పొడి చేసి, పొడి కుంచెతో మూలల్లోకి నెట్టండి. వార్నిష్ కొడితే ఈ పొడి సగం మాయమవుతుంది, కాబట్టి వార్నిష్ తర్వాతే ఇది, తాకకుండా ఉంచుకోవాలి.

పీటీ-76 చేస్తుంటే ఇంకో సరదా ఉంది. నీళ్లలోంచి ఇప్పుడే గట్టెక్కిన బండిగా చేయొచ్చు. అప్పుడు నీటిమట్టం దాకా బురద కడుక్కుపోయి ఉంటుంది, గొలుసు గట్టు మీద తొక్కిన కొత్త మట్టి మాత్రం కింద ఉంటుంది. మా ఊరి కాలవలో గేదెలు పైకొచ్చినప్పుడు చూడండి, ఒంటి మీద ఒక గీత, గీత కింద నల్లగా తడి, పైన ఆరిన మట్టి, కాళ్లకి గిట్టల దగ్గర కొత్త బురద. ట్యాంకు కూడా అంతే. ముందున్న నీటిని ఆపే పలకని లేపి ఉంచండి, ఈదేముందు దాన్ని పైకి ఎత్తుతారు.

ఎంత పూయాలి అనేదానికి నా దగ్గర లెక్క లేదు, ఇంకొంచెం వేద్దాం అనిపించినప్పుడు ఆపి పడుకోండి, పొద్దున చూస్తే చాలనిపిస్తుంది. వారం రోజులు పెట్టిన రంగంతా గంటలో బురద కింద పాతేసినవాణ్ణి నేను.

అయిపోయాక అద్దాల పెట్టెలో పెట్టండి, లోపల సిలికా జెల్ పొట్లాలు రెండు, మందుల సీసాల్లో, బూట్ల డబ్బాల్లో వస్తాయి, పారేయకుండా దాచుకోవాలి. పెట్టె ఎందుకంటే, పోయిన సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మా అమ్మ షెల్ఫ్ మీదున్న ట్యాంకుని తీసుకుని, "ఎంత మురికి పట్టిందిరా దీనికి" అని తడిగుడ్డ పెట్టి నిగనిగలాడేలా తుడిచింది. చక్రాల గుంటల్లోది రాకపోతే పాత టూత్ బ్రష్ కూడా వాడింది.